మొదటి నిమిషం దాటేసినవాళ్ళకు

సభకు అధ్యక్షత వహిస్తున్న కుట్టుపని స్కూలు పెద్ద మేడమ్ గారికి, ఇంత శ్రమపడి ఈ సభ ఏర్పాటు చేసిన, పరదాలు కుట్టే మా పరదాల అన్నయ్య గారికి, ముందు వరసలో కూర్చుని నేనేం మాట్లాడి పరువు తీస్తానోనని ఇప్పటికే కళ్ళు మూసుకున్న మా అత్తయ్యకు, మా ఆయన వీడియోలు చూసి కుట్టుమిషన్లు బాగుచేసుకున్న అన్నలకు, అక్కలకు, వదినలకు, వెనక తలుపు దగ్గరున్న టీ డబ్బా మీద నుంచి చూపు తిప్పని మిగతా పెద్దలకు నా నమస్కారాలు.

ముందుగా ఒక క్షమాపణ. సభ అయ్యాక ఈ కాగితం అధ్యక్షులవారికి ఇవ్వాలని, వారు దాన్ని ఫైల్లో భద్రంగా దాస్తారని అన్నయ్య గారు చెప్పారు. మేడమ్ గారూ, నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. దీని నిండా తప్పులున్నాయి. రాత కూడా గీత మీద నిలబడదు, కొంత పైకి పోతుంది, కొంత కిందికి జారుతుంది. దయచేసి మన్నించండి. మిగతావాళ్ళకు ఇంకో మనవి. చదువుతూ చదువుతూ నేను మధ్యలో ఆగిపోతే దుఃఖం వచ్చిందనుకుని చప్పట్లు కొట్టకండి. నా రాత నాకే అర్థం కాలేదనుకోండి. (నవ్వులు)

నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. గ్యాస్ బండ తెచ్చే మనిషితో కూడా తలుపు చాటు నుంచే మాట్లాడతాను. అలాంటిది పోయిన వారం పరదాల అన్నయ్య గారు మా ఇంటికి వచ్చి, "అమ్మాయీ, మీ ఆయన ఛానల్ మూసేస్తున్నాడని తెలిసి మాకందరికీ అన్నం సయించడం లేదు. ఘనంగా వీడ్కోలు చెప్పాలని నిర్ణయించాం. నువ్వు కూడా రెండు ముక్కలు మాట్లాడాలి" అన్నారు. అన్నం సయించని మనిషి మా ఇంట్లో రెండుసార్లు వడ్డించుకున్నారు గానీ, ఆ సంగతి ఇప్పుడు వద్దు.

మీ బాధ ఎంత పెద్దదో ఈ హాలు చూస్తేనే తెలుస్తోంది. ఇన్ని కుర్చీలు, రెండు మైకులు, మా ఆయన్ని నాకే గుర్తుపట్టడం కష్టమయ్యేంత తెల్లగా అచ్చేసిన అంత పొడుగు ఫ్లెక్సీ, గాజుతో చేయించిన కుట్టుమిషను బొమ్మ! చాలా బాగుంది. దానికి సూది కూడా పెట్టారు. వీటన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకొకటి. అదిగో, ఆ మూల స్టాండు వేసుకుని ఈ సభంతా వీడియో తీస్తున్న ఆయన ఉన్నారే, ఆయనకు డబ్బిచ్చి పిలిపించారట. ముందే ఇచ్చారట, బేరం కూడా ఆడలేదట. వీడియో తీసేవాళ్ళకు డబ్బివ్వొచ్చని మీకు తెలుసన్న సంగతి నాకు ఈరోజే తెలిసింది. (నవ్వులు)

ఇక్కడ కొత్తవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి జరిగింది చెబుతాను. మా ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. బస్టాండు వెనక సందు చివర ఒక్క గది అద్దెకు తీసుకుని, అందులో ఒక బల్ల, ఒక దీపం, నట్లు విప్పదీసి పెట్టిన మూడు పాత మిషన్లు పెట్టుకుని, నాలుగేళ్ళుగా వారానికి రెండు వీడియోలు చేసి పెట్టారు. దారం ఎందుకు తెగుతుంది, బెల్టు ఎందుకు జారుతుంది, కింది దారం చుట్టే బాబిన్ ఎందుకు గరగరమంటుంది, అన్నీ విప్పి చూపించేవారు. విప్పేది ఈయన. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దీపం పట్టుకునేది నేను. నా ముఖం మీరెవరూ చూడలేదు, చూపించనని పెళ్ళయిన కొత్తలోనే ఈయనతో చెప్పేశాను. నేను మీకు తెలిసింది ఒకే ఒక్కసారి, నాకు తుమ్ము వచ్చిన రోజు. ఆ రోజు వీడియో కింద ఎవరో పెద్దమనిషి, "కెమెరా పట్టుకున్నవాడి జీతం కోయండి సార్" అని రాశారు. ఆయన ఈ సభలో ఉంటే మనవి చేసుకుంటున్నాను. కోయడానికి ఏమైనా ఉందేమోనని ఇల్లంతా వెతికాం, కనిపించలేదు.

మెచ్చుకోవడంలో మాత్రం మీకు సాటి ఎవరూ లేరు. "మీ రుణం తీర్చుకోలేం సార్" అని ఎన్ని వందలమంది రాశారో! మాట మీద నిలబడే మనుషులు, ఒక్కరు కూడా తీర్చుకోలేదు. మా అత్తయ్య రోజూ సాయంత్రం ఆ కామెంట్లు చదివించుకుని వినేది. విని విని ఒకరోజు, "ఇంతమంది దేవుడంటున్నారు కదరా, ఒక్కడైనా హుండీ ఎక్కడని అడగడేంట్రా?" అంది. అత్తయ్యా, కళ్ళు తెరవండి, ఆ మాట మీదేనని చెప్పేశాను, ఇక దాచేందుకేమీ లేదు.

హుండీ లేక కాదు. వీడియో కింద ఒక బటన్ ఉంటుంది. నొక్కితే నెలకు మీకు తోచినంత మాకు చేరుతుంది. ఈయన మొదట్లో ఆ మాట వీడియో చివర్లో చెప్పేవారు. చివరిదాకా ఎవరుంటారు? మిషను తిరగడం మొదలుపెట్టగానే మీరు కుట్టుకోవడానికి వెళ్ళిపోతారు. అందుకని వీడియో మొదటి నిమిషంలోనే చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు మీరు వేలితో ఆ మొదటి నిమిషాన్ని పక్కకు జరిపేసి, స్క్రూడ్రైవరు కనిపించే చోట దిగడం నేర్చుకున్నారు. అంత కచ్చితంగా ఎలా దిగేవారో గానీ, అదే చేయి కుట్టు మీద పెట్టి ఉంటే మీలో ఎవరికీ మిషను బాగుచేయించుకునే అవసరమే వచ్చేది కాదు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ సభలో మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. సూదుల గొడవ మీకందరికీ గుర్తుంది కదా? పోయిన ఏడు జరిగింది. కింది దారం చిక్కుపడితే, బాబిన్ కూర్చునే షటిల్ విప్పి ఎలా శుభ్రం చేయాలో ఈయన వీడియో చేశారు. షటిల్ ముట్టుకునే ముందు సూది తీసి పక్కన పెట్టాలి. అది తీయకుండా చక్రం తిప్పితే సూది విరుగుతుంది, విరిగిన ముక్క వేలికైనా వస్తుంది, కంటికైనా వస్తుంది. ఆ వీడియో తీసేటప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. "ఏమండీ, సూది తీయమనే మాట ఆ మొదటి నిమిషంలోనే పెట్టండి, మన బటన్ మాటతో కలిపి. సూది కోసమైనా ఆగుతారు, మన మాట చెవిన పడుతుంది" అన్నాను. ఈయనకు నచ్చలేదు. "పనిలో మన అవసరం కలపకూడదే" అన్నారు. నేను మూతి ముడుచుకున్నాను. ఈయన కలిపారు.

మీరు ఆ నిమిషాన్ని ఎప్పటిలాగే దాటేశారు.

మూడు రోజులు ఫోను ఆగలేదు. ఎక్కడెక్కడి నుంచో చేశారు. సూది విరిగిందని ఒకరు, గోరులో దిగిందని ఒకరు, "మీరు చెప్పనే లేదు" అని అందరూ. పరదాల అన్నయ్య గారైతే బొటనవేలికి కట్టు కట్టుకుని నేరుగా గదికే వచ్చారు. "ఏమయ్యా, సూది తీయాలని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?" అని అడిగారు. ఈయన, చెప్పాను అన్నయ్యా, నువ్వే వినలేదు, అనొచ్చు. అనలేదు. మా ఆవిడ పెట్టమంది, అని నన్ను చూపించొచ్చు. నేను తలుపు పక్కనే దీపం పట్టుకుని నిలబడి ఉన్నాను. చూపించలేదు. "తప్పు నాదే అన్నయ్యా" అన్నారు. ఆ సాయంత్రమే ఆ వీడియో తీసేసి, కొత్తగా చేసి, సూది సంగతి మూడుచోట్ల చెప్పి, అందరికీ క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ వీడియోను మీరంతా ఒక్క క్షణం కూడా జరపకుండా పూర్తిగా చూశారు. ఈయన వీడియోల్లో అంతమంది చూసింది ఇంకోటి లేదు.

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఈయన నోటివెంట ఆ బటన్ మాట రాలేదు. అడగమంటే, "అడగబోయి ఒకరి వేలు పోగొట్టబోయాను, చాలు" అంటారు. అడగకపోతే ఏమవుతుందో అదే అయింది. సోమవారం నుంచి బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేరుతున్నారు. మంచి ఉద్యోగమే, నేనేం కాదనను. గది మాత్రం రేపు సాయంత్రం ఖాళీ చేసి తాళంచెవి ఇంటివాళ్ళకు ఇచ్చేయాలి. గది పోతే బల్ల పోతుంది, దీపం పోతుంది, విప్పి పెట్టిన ఆ మూడు మిషన్లు పాత ఇనుము కింద వెళతాయి.

కాబట్టి పెద్దలారా, సూదుల తప్పు ఈయనది కాదు. నాది. చెప్పడానికి నాకు ఏడాది పట్టింది, ఇంతమంది కావలసి వచ్చారు. (ఆగి) ఇది దుఃఖం కాదు, రాత అర్థం కాలేదు.

తప్పు నాదైనప్పుడు అడగాల్సింది కూడా నేనే. ఇక్కడ నాకొక సౌకర్యం ఉంది. నా మాటలను వేలితో పక్కకు జరపడానికి ఈ హాల్లో కుదరదు. అందుకే టీ నా ప్రసంగం తర్వాతే ఇవ్వమని అన్నయ్య గారిని ప్రత్యేకంగా బతిమాలుకున్నాను, పాపం ఆయన అది నా సిగ్గు అనుకున్నారు. (నవ్వులు) మీరు ఎవరూ వేలకువేలు ఇవ్వక్కర్లేదు. మీ జేబులు కుట్టేది మీరే కాబట్టి వాటి లోతు ఎంతో మీకే తెలుసు. ఒక దారపు ఉండ ఖరీదు, నెలకు ఒకసారి. అలా మీలో కొంతమంది నొక్కినా గది అద్దె వెళ్ళిపోతుంది. ఈయన ఫ్యాక్టరీకి వెళతారు, ఆదివారం గదికి వస్తారు, వారానికి రెండు కాకపోయినా ఒక వీడియో వస్తుంది. ఈయన్ను అడగలేదు. ఇప్పుడే మీతోపాటు వింటున్నారు. కోపం వస్తే ఇంటికి వెళ్ళాక నాతో చూసుకుంటారు.

నొక్కకపోయినా మేమేమీ అనుకోం. ఈ గాజు మిషను ఉంది కదా, దాన్ని షెల్ఫులో పెట్టి రోజూ తుడుచుకుంటాం. ఇంత అభిమానం ఊరికే ఎవరు చూపిస్తారు? మీరు చూపించారు. ఊరికే!

ఇంకొక్క సంగతి. ఇందాక గుమ్మం దగ్గర పరదాల అన్నయ్య గారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయీ, మందం గుడ్డ వేస్తే నా మిషను కుట్లు వదిలేస్తోంది. ఛానల్ మూసేలోపు మీ ఆయన్ని కాస్త అడిగి చెప్పవూ?" అన్నారు. అడగక్కర్లేదు, నాకే తెలుసు. నాలుగేళ్ళు దీపం పట్టుకున్నాను. ఆ జవాబు రేపు సాయంత్రం, గది నిలిచాక చెబుతానని అక్కడే నిలబడి ఈ కాగితం చివర రాసుకున్నాను. ఇదిగో, ఇక్కడే రాసి ఉంది.

(ఆగి)

అన్నయ్య గారూ, మీరు సన్నసూదితో పరదా గుడ్డ కుడుతున్నారు. లావు సూది వేయండి. వేసేటప్పుడు పైకి ఆనేదాకా నెట్టి, అప్పుడు స్క్రూ బిగించండి. అంతే.

చెప్పేశాను. చూశారా, చెప్పకూడదని రాసుకుని కూడా చెప్పేశాను. మా ఇంట్లో ఇదొక జబ్బు, ఈయన నుంచి నాకు అంటుకుంది. ఇందుకే గది పోతోంది. ఇందుకే గది ఉండాలి కూడా.

తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది, ఈ కాగితం కింద. రేపు సాయంత్రం దాకా ఉంటుంది.

ఓపిగ్గా విన్న మీకందరికీ, వేరే దారి లేక విన్నవాళ్ళకు ఇంకా ఎక్కువగా, నా కృతజ్ఞతలు. నా ముఖం వచ్చేలా ఫోన్లలో తీసినవాళ్ళు దయచేసి తీసేయండి. మేడమ్ గారూ, మిమ్మల్ని ఒక్కటి కోరుకుంటాను. ఈ కాగితాన్ని ఫైల్లో పెట్టకండి. చదివి కాల్చేయండి. ముఖ్యంగా ఈయన చేతికి మాత్రం చిక్కనివ్వకండి. ఈయన తప్పులు దిద్దే మనిషి కాదు, దాచుకునే మనిషి. దాచుకున్నారంటే సూదుల తప్పు నాదని నా చేత్తో నేనే ఒప్పుకున్న సంగతి మా ఇంట్లో జరిగే ప్రతి తగువులోనూ బయటికొస్తుంది.

టీ చల్లారుతోంది. ఇక నాకు సెలవు ఇప్పించండి. గదికి మాత్రం ఇప్పించకండి.