చామంతి కుండీలో చెక్క ఫోర్కులు

పోయిన గురువారం, మధ్యాహ్నం మూడుంబావుకి అత్తయ్యా, మీ అబ్బాయి ఒంట్లో ఉన్న నా కిడ్నీకి ఎసరు పెట్టారు. ఎవరంటారా? అతగాడి ఒళ్ళే.

ఉండండి, ముందు మీ సమాధి రాయి మీద నాచు గీకనీయండి. రేపు సకల పునీతుల పండగ, అందరూ సమాధులకి పూలు తెచ్చే రోజు. లియొంతీన్ అన్న మీ పేరు మెరవకపోతే, బ్రూజ్ నుంచి దిగే మీ కూతురు నన్నే అంటుంది.

మాత్ర ఒక్కటీ తప్పలేదమ్మా అన్నాను డాక్టరమ్మతో. అది సరే, ఏడాదిలో ఇంత ఒళ్ళెలా చేశాడు, ఏం పెడుతున్నారు అని నన్నే నిలదీసింది. నేనేం పెడతాను? ఉల్లికాడల సూపు, ఉడికించిన చేప. దేవుడి తోడు.

అప్పుడు చెప్పింది. పేగుల్లో కంటికి కనబడని జీవులు కాపురం ఉంటాయట. కొవ్వు తిండి ఎక్కువైతే మంచివి తగ్గి అల్లరివి పెరుగుతాయట. అవి ఒంట్లోని కాపలావాళ్ళకి చాడీలు చెప్పి ఎగదోస్తాయట. ఇంకేముంది, వాళ్ళు పరాయి సరుకేదని వెతుక్కుంటూ నా కిడ్నీ మీద పడతారు. ఎలుకల్లో చూశారట, మనుషుల్లో ఇంకా తేలాల్సి ఉందట. జున్ను ముక్క కనబడితే మా ఆయనకీ ఎలుకకీ తేడా లేదు, తేలినట్టే రాసుకోండి అన్నాను.

నాకదేం కొత్త కథ అత్తయ్యా? ముప్ఫయ్యేళ్ళు మీ ఇంట్లో చాకిరీ చేసినా నేను మీకు పరాయి సరుకునే కదా. చాడీలు చెప్పడానికి మీకు పేగుల్లో జీవులు కూడా అక్కర్లేకపోయె.

కానీ ఆ కొవ్వు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

శుక్రవారం మీ చామంతులు మార్చడానికి వచ్చాను. కుండీలో మట్టి కదిపితే చెక్క ఫోర్కు. ఇంకో పక్క కదిపితే ఇంకోటి. కుండీ చుట్టూ కంచె కట్టినట్టు గుచ్చి పెట్టాడు మహానుభావుడు! అవి ఎవరివో నన్నడగాలా? శ్మశానం గేటు పక్కనే ఎద్దు కొవ్వులో బంగాళాదుంపలు వేయించి, చెక్క ఫోర్కు గుచ్చి ఇచ్చే బండి. ఆదివారం చర్చిలో పూజ కాగానే అమ్మ దగ్గర కాసేపు కూర్చుని వస్తానంటే, మీ ఓడిలోన్‌కి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందని మరియమ్మకి కొవ్వొత్తి కూడా వెలిగించాను. అమ్మా మరియా, ఆ కొవ్వొత్తి నాకు తిరిగిచ్చెయ్.

ఫోర్కులన్నీ పట్టుకెళ్ళి ఆస్పత్రిలో అతని మంచం మీద పోశాను. చేతికి సూది, పైన మందు సీసా, చిన్నపిల్లాడి మొహం.

"అమ్మ ఎదురుగా లేకపోతే తిన్నట్టుండదు గోడెలీవ్," అన్నాడు. "ఆవిడకీ రెండు పెట్టేవాణ్ణి."

"తినేది మీరిద్దరు, తినబడేది నేనా?" అన్నాను.

ఏడ్చాడు. ఏడిస్తే నాకేం. నా పేరే ఉన్న పునీతురాలు గోడెలీవమ్మని అత్తింటివాళ్ళు పీక పిసికి నీళ్ళలో పారేశారు. నా దగ్గర కిడ్నీ ఒక్కటే పుచ్చుకున్నారు, మీరే నయం. ఆ రెండు ముక్కలూ మీరు తిన్నారో, పావురాలు తిన్నాయో మీకే తెలియాలి. అన్నీ చూస్తూ పడుకున్నారు, ఒక్కసారి నా కల్లోకొచ్చైనా చెప్పకూడదూ?

నిన్న సాయంత్రం ఇంటికి పంపారు. దాడి కాస్త తగ్గిందట, కిడ్నీ నిలుస్తుందో లేదో రక్తపరీక్షలే చెప్పాలట.

ఈ ఉదయం ఉప్పులేని గంజి చుక్క వదలకుండా తాగాడు. నేను అటక మీద నుంచి మీ వేపుడు గిన్నె దింపాను. అది అమ్మది అన్నాడు. అమ్మ దగ్గరికే వెళుతోంది అన్నాను.

ఇదిగో, అడుగున చిల్లులు పొడిచి చామంతులు నాటాను. ఇక్కడే ఉంచుకోండి.

నాకు మిగిలిన ఆ ఒక్క కిడ్నీ నాకే కావాలని డాక్టరమ్మతో గట్టిగానే అన్నాను. కానీ అత్తయ్యా, అతను మళ్ళీ ఆ మొహం పెట్టి అడిగితే... సరేననేస్తానేమో. మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి.