ఉప్పుకు మెత్తబడని నీళ్లు

"తాతా, వాషింగ్ మిషన్ల ఉల్లిగడ్డలు ఎందుకు పోసిన్రు? నా ఫ్రెండ్స్ వస్తే నవ్వుతున్నరు" అంటవా బిడ్డా? నవ్వనియ్యి. జర ఆ కుర్చీ ఇటు జరుపు, నడుము పట్టేసింది. చెప్త.

గీ సూరత్‌ల నీళ్లతోని బట్ట నేసిన మొనగాడు ఎవడని ఎవల్నన్న అడుగు. అవు, నీళ్లతోనే! వాటర్‌జెట్ మిషనంటే ఏందనుకున్నవ్? దానికి పోగును అటిటు మోసే నాడె ఉండదు. సూదంత తూటుకెల్లి నీళ్లు ధారగట్టి కొడ్తయి, ఆ ధారే పోగును ఈ అంచుకెల్లి ఆ అంచుకు గుంజుకపోతది. పది మిషన్లు నేనొక్కన్నే... కాదు, ఇరవై. నా చెప్పుల చప్పుడుకే అవి నడుసుడు షురూ చేసేటియి. సేటు చాయ్ కప్పు కిందవెట్టి లేచి నిలబడేటోడు. నవ్వకు! మీ బాపమ్మను అడుగు... వద్దులే, ఆమెనడగకు.

ఆ మిషన్లకు ఉత్త నల్లా నీళ్లు పడయి. సున్నం కట్టి తూటు మూసుకపోతది. అందుకని కార్ఖాన వెనుక అర్రల నీళ్లను మెత్తగ చేసే టాంకి ఉండేది. దానికి ఉప్పు బస్తాలు పోవాలె. ఎవడు మోసిండు? నేనే. రెండు భుజాల మీద రెండు బస్తాలు, నోట్ల బీడీ.

ఇగ మనముండే కోసాడ్ బస్తీ నీళ్లు నీకెర్కేనాయె. బోరుకెల్లి నల్లాలకొస్తయి. చాయ్ గిన్నె అడుగుకు తెల్ల పెంకు. సబ్బుకు నురగ రాదు. గీజర్ రెండేండ్లు బతుకలే. మీ బాపమ్మేమో చిన్నప్పటిసంది నూలు కండెలు చుట్టి చుట్టి మణికట్లు పోగొట్టుకున్నది. బట్టలు పిండొద్దని డాక్టర్ గట్టిగ చెప్పిండు. అందుకే మీ నాయిన ఈ మిషన్ తెచ్చిండు. మొదటి నాడు దాని ముంగట కూసొని, బట్టలు తిరుగుడు చూస్కుంట, "చేతులు ఖాళీగుంటే ఏం చెయ్యాల్నో తోస్తలేదు" అన్నది.

ఏడాదిన్నరకు అది మూల్గుడు షురూ చేసింది. మెకానిక్ పిల్లగాడు వెనుక రేకు ఇప్పి, "చాచా, రాడ్డుకు సున్నం పట్టింది. లింబు ఫూల్ ఏసి వేడినీళ్లతోని ఖాళీగ తిప్పుండ్రి" అన్నడు. ఢోక్లాల పులుపుకు ఏస్తరు చూడు, ఆ పొడి. నాకు రోషమొచ్చింది. "నీళ్లను మెత్తగ చేసే కార్ఖానల జీవితం ఎల్లదీసినోన్ని, నాకు వంటసామాను చెప్తవార?" అని ఎల్లగొట్టిన.

"ఏమయ్యో, గా పిల్లగాడు చెప్పింది చేస్తే ఏం పోతది?" అన్నది మీ బాపమ్మ.

"నువ్వూకో. ఉప్పు ముంగట సున్నమెంత?"

ఐదు కిలోల దొడ్డుప్పు మిషన్ డ్రమ్ముల పోసి, నీళ్లు నింపి, మూడు రోజులు నానవెట్టిన. నాలుగో నాడు పక్కింటోళ్లను గూడ పిలిచి బటన్ ఒత్తిన. గర్రుమన్నది. కిందికెల్లి ఎర్రనీళ్లు కారినయి. ఠప్పుమన్నది. బిల్డింగ్ మొత్తం కరెంట్ పోయింది... సరే, మన ఇంట్లనే పోయింది.

సీదా కార్ఖానకు పోయి, ఆ టాంకి చూసుకునే ఒరియా ఆయన్ని అడిగిన. నన్ను కిందికీ మీదికీ చూసిండు. "దాదా, ఉప్పు పోయి నేత నీళ్లల్ల కలుస్తదనుకున్నవా? టాంకిల సున్నాన్ని పట్టుకునే సన్న గుండ్లుంటయి. ఉప్పునీళ్లు వాటిని కడిగి మోరిలకు పోతయి. అంతే" అన్నడు.

అన్నేండ్లు మోసిన గద బిడ్డా... ఆ అర్ర తలుపు దాకనే మోసిన. రెండు బస్తాలు గాదు, ఒక్కటే. లోపట ఏమైతదో ఒక్కనాడు తొంగి సూడలే.

ఇంటికొచ్చేసరికి మీ బాపమ్మ బాత్‌రూంల దుప్పటి పిండుతున్నది. చేతులు తిరుగుతలేవు. ఒక కొన కాలికింద తొక్కి, ఇంకో కొన పండ్లతోని పట్టుకున్నది. తిట్టినా బాగుండు. ఆ దుప్పటి గుంజుకొని నేనే పిండిన.

గప్పటిసంది ఇంట్ల బట్టలన్ని నాయే. కొత్త మిషన్ తెస్తనన్నడు మీ నాయిన. "గీ నీళ్లకు ఇంకోదాన్ని బలియ్యాల్నా?" అని ఆమెనే వద్దన్నది, సచ్చిన మిషన్ల ఉల్లిగడ్డలు పోసింది. కోసాడ్ మొత్తంల నా లెక్క జీన్స్ ప్యాంటు పిండేటోడు లేడు, నీ మీదొట్టు. చెయ్యి మాత్రం భుజం దాటి లేస్తలేదు. ఆమె గడపల కూసొని, "కాలర్ రుద్దు, కాలర్" అంటది. రుద్దుత. ఏం జేస్త?

అలసిపోయిన బిడ్డా, నిజంగ. నువ్వు సల్లగుండు, మంచిగ చదువు. "నాకు తెల్వదు" అనే మాట నీ నోటికి జల్ది రావాలె, గదే నా దీవెన. నాకది గీ ముసలితనం దాక రాలే... అగో, నల్లా సన్నవడ్డది, మోటర్ బంద్ చేసినట్టున్నరు. ఇంకా నీ స్కూల్ డ్రెస్సు పిండేదున్నది...