సువార్తమ్మత్త మోసిన ముంత

కూచో నాగజ్యోతీ, ఆ పీట లాక్కో. ఏమడిగితివి? బియ్యం కడిగే ముందర పిడికెడు తీసి ఆ ముంతలో ఎందుకేస్తాండావవ్వా అనా? పక్కింట్లోనే పుట్టి పెరిగి ఇన్నేండ్లకు అడిగినావు సూడు. ముప్పై ఆరేండ్లు పిల్లోళ్లకు పలక మీద దిద్దించినదాన్ని, సగం సగం చెప్పడం నాకు రాదు, మొదటి నుంచి చెప్తా. మా క్రైస్తవుల ఇండ్లల్లో ఎసరు పెట్టినప్పుడల్లా, వండే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి దేవుని ముంతలో ఎయ్యల్ల. ఉన్నోళ్లది నిండు పిడికిలి, లేనోళ్లది సగం పిడికిలి, అది ఎవురూ తొంగి చూడరు. శనివారం నాడు ఒకామె ఇల్లిల్లు తిరిగి అందరి ముంతలూ ఒక పెద్ద ముంతలోకి పోసుకుంటాది. ఆ వారం ఎవురింట్లో పొయ్యి లేయలేదో ఆ ఇంటికి అది పోతాది. మోసే ఆమెకు కట్టుబాటు ఒకటే. గింజలు పొయ్యల్ల, తిరిగి రావల్ల, నోరు తెరవగూడదు. తిన్నారా అని గూడా అడగగూడదు. ఎందుకు? ఆ, చెప్పు. కాదు, సిగ్గు ఒక్కటే గాదు. ఆ గింజలు మోసినామెవి గావు గదా, దేవునివి. తనవి గాని దాన్ని పోసేటప్పుడు తనకు మాటెందుకు? అదీ సంగతి.

మా ఊర్లో ఆ ముంత మోసింది మా సువార్తమ్మత్త. మా నాయనకు అక్క. ఆలూరు దాటి పోతే మెట్ట పల్లె మాది, వాన పడితే జొన్న, పడకుంటే దుమ్ము. శానా పొడుగు మనిషి, మా ఇంటి తలుపులో వంగి దూరేది. ఇంగ నోరా, ఆ నోటికి పేటంతా భయం. తన కోడి పొయ్యి పక్కింట్లో గుడ్డు పెడితే పక్కింటామెను ఇడిచిపెట్టి కోడిని తిట్టేది, పుట్టింటి దోవ మర్చినావా అని. మా అమ్మ అనేది, నోరు తెరవగూడని పనికి మీ అత్తను పెట్టినారు సూడు, అయ్యగారికి తెలివి ఎక్కువైంది అని. అయ్యగారంటే మా పాస్టరు, జీవరత్నం అయ్యగారు. ముసలాయన. ఒక చెవి వినపడదు. అది కుడి చెవో ఎడమ చెవో మాకెవురికీ తెలీదు, చందా తక్కువిస్తామన్నప్పుడు ఒక చెవి, కోడికూర వండినామన్నప్పుడు ఇంగో చెవి. నవ్వు, నవ్వు, ఆయన వింటే ఆయనా నవ్వేటోడే.

యాడుంటి? ఆ, అత్త. ఆమె మొగునికి ఒక తమ్ముడు, ఏసేపు అని. అన్నదమ్ములిద్దరికీ గట్టు మీది చింతచెట్టు కాడ మాటా మాటా వచ్చింది, కాయలు పంచుకునే కాడ. చింతకాయల కాడ ఏముందవ్వా అనొద్దు, మా సీమలో పంట పోయిన ఏడు ఆ చెట్టే దిక్కు. సరే, అట్ల మాటలు లేకుండా ఉండంగా, అత్తకు ఒక్కతే బిడ్డ, రూతు, ఐదేండ్లది, దానికి జరమొచ్చింది. కండ్లు తేలేస్తాంది. మామ బళ్లారికి కూలి పని మీద పోయినాడు. ఆలూరు ఆస్పత్రికి తీసుకపోవల్లంటే బండి కావల్ల, పేట మొత్తానికి బండి ఏసేపు కాడనే ఉండాది. అత్త బిడ్డను భుజాన ఏసుకోని వాని వాకిట్లో నిలబడింది. వాడు బయటికే రాలే, లోపల్నుంచే అన్నాడంట, ఎద్దులకు కాళ్లు బాగలేవు, కట్టలేను అని. అత్త బిడ్డను ఎత్తుకోనే నడిచింది. ఎనిమిది మైళ్లు. ఇంగ నీకు చెప్పనవసరం లేదు. ఆస్పత్రి చేరేసరికి భుజం మీద బరువు మారిపోయిందంట. అట్లనే చెప్పింది నాకు, బరువు మారింది అని.

ఏడేండ్లు. ఒకే గుడి, ఒకే బోరింగు, ఏడేండ్లు ఆ ఇంటి పక్క తల తిప్పలేదు. వాడొస్తాంటే ఈమె దోవ మార్చుకునేది. అప్పుడొచ్చింది కరువు. నేను కర్నూలులో టీచరు ట్రైనింగు చదువుతాంటి, ఇదంతా నాకు అత్త చెప్పింది, కొంత మా అమ్మ చెప్పింది. బావి పూడిక తీస్తాండంగా ఏసేపు కాలు జారి పడినాడు, తొడ ఎముక ఇరిగింది. ఎద్దుల్ని అంతకు ముందే అమ్మేసినాడు. ఇంట్లో పెండ్లాం శాంతమ్మ, ముగ్గురు పిల్లోళ్లు. నాలుగు దినాలు పొయ్యి లేయలేదు. శనివారం పెద్దలు కూచోని ఈ వారం ముంత ఏసేపింటికి అన్నారు. అన్నారు సరే, మోసేది ఎవురు? అందరూ నేల చూపులు చూస్తాండారు. అయ్యగారు మెల్లగా, ఈ వారం వేరే ఎవురన్నా పోతే బాగుంటాదేమో అన్నాడు. అంతే, అత్తకు రోషమొచ్చింది. ఏం, నాకు చేతగాదా, దేవుని మాట నాకు తెలీదా, శత్రువుకు పెట్టేంత గుండె నాకుండాది అనుకోని, ముంత నెత్తిన పెట్టుకోని ఇసురుగా పోయింది. శాంతమ్మ చాట పట్టింది, ఈమె పోసింది. పోసి ఊరికే రావల్ల గదా. గడప కాడ తిరిగి, మంచం మీదుండే వాన్ని చూసి అన్నింది, "నా బిడ్డకు బండి లేదన్నోడివి. నా గింజలు తిను."

చూసినావా? నా గింజలు అన్నింది. పేటలో ముప్పై ఇండ్ల పిడికెళ్లు అవి.

మరుసటి పొద్దు తెల్లారి తలుపు తీస్తే, గడప మీద పాత తుండుగుడ్డలో మూట. జొన్నలు. ఒక్క గింజ ముట్టుకోలే. ఆ మూట ముందర అత్త ఎంతసేపు కూచుందో. నాతో అన్నింది, "అమ్మే, ఆ పిల్లోళ్లు ఐదో దినం గూడా పస్తు పండుకుండ్రి, నా నోటి వల్ల. వాడు నా బిడ్డకు చేసిందే నేను వాని బిడ్డలకు చేస్తి." అప్పుడు భయపడింది. ఉపవాసముండి ప్రార్థన చేసింది. ప్రభువా, వీని మీద కోపం తీసెయ్, గుండె మెత్తన చెయ్, అప్పుడు పోతా అని. తెల్లారింది, పొద్దుగూకింది, కోపం గింజంత తగ్గలే. అయ్యగారి కాడికి పొయ్యి, నా వల్ల గాదయ్యా, అడిగినా, ఇయ్యలే, ఇంగొకరిని పంపు అన్నింది.

అయ్యగారు అప్పుడు వంకలో ఉన్నాడు, నీళ్ల కోసం. వంకంటే ఎండిపోయిన ఇసక, అంతే. ఆ ఇసకలో చెలమ తీసుకోని నీళ్లు పట్టుకుండేది మేము. నువ్వు చెలమ చూసుండవు. మూరెడు లోతు ఇసక తోడితే అడుగున ఒక చెంబుడు నీళ్లు ఊరుతాది. అది తోడేస్తే ఇంగో చెంబుడు. తోడకుండా కూచుంటే అదే చెంబుడు ఉంటాది, కడవ నిండా ఒకేసారి నువ్వెంత ఏడ్చినా రాదు. ఆయన చిప్పతో తోడుతానే అన్నాడంట, "సువార్తమ్మా, దేవుడు నిన్ను పొమ్మన్నాడు. కోపం పోయినాంక పొమ్మనలే. కడవ నిండితే పోతానంటాండావు నువ్వు. పో. వాని వాకిట్లో ఎంత కావల్నో అంత ఆడ ఇస్తాడు. ఇంట్లోనే ఇచ్చింటే అది నీదే అనుకుంటావు, మొన్న అనుకున్న్యట్ల."

ఈడ ఒక్క మాట పాపా, నీకు అర్థం గావల్ల. మేము కృప కృప అంటాంటాం గదా. మీరు గ్రేసు మార్కులంటారు సూడు, తప్పినోన్ని పాస్ చేసేది, నేను గూడా శానా దినాలు అంతే అనుకుంటి. తప్పు చేసినా దేవుడు పోనీలే అనేది ఉండాది, నిజమే. దాంతోనే అయిపోదు. పరీక్ష రాస్తాండంగా వణికే చెయ్యి పట్టి రాయించేది గూడా కృపనే. రాయాల్సింది నువ్వే, బలం మాత్రం నీది గాదు. అత్త ఈ పాఠం పుస్తకంలో చదవలే, చదువు రాదు ఆమెకు.

మూట ఎత్తుకోని పోయింది. దోవలో వేపచెట్టు కాడికి పోయినా, కోపం అట్లే ఉండాది. వాని వాకిలి చేరినా, అట్లే ఉండాది. అమ్మే, నేనేం మారలేదు, కాళ్లు మాత్రం నడుస్తాండె అనేది. ఏసేపు ఈమెను చూసి గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు. శాంతమ్మ చాట తేలేదు, ఊరికే నిలబడింది. పోస్తే మళ్లా మూట కట్టి పంపుతారు. ఏం చెయ్యల్ల? అత్త నేరుగా లోపలికి పోయింది. మూలన ఇసుర్రాయి ఉండాది. దాని ముందర కూచోని, ఒక పిడికెడు జొన్నలు పోసి ఇసరబట్టింది. ఏడేండ్లు అడుగు పెట్టని ఇంట్లో. మాట లేదు. ఇసుర్రాయి ఒక్క మనిషికి శానా బరువు. కొంచేపు శాంతమ్మ చూసింది, తర్వాత వచ్చి ఎదురుగా కూచోని పిడి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోలే, పిండి మాత్రం పడతాండె. సంగటి కెలికినారు. చిన్న పిల్ల, ఐదేండ్లదే, అదే ఈడు, చెయ్యి సాపుకోని వచ్చి అత్త ముందర నిలబడింది. అత్త తొలి ముద్ద ఊది ఊది దాని చేతిలో పెట్టింది.

అప్పుడు మంచం మీద నుంచి, గోడకే మొగం పెట్టుకోని, వాడన్నాడంట, "వదినా. ఆ పొద్దు ఎద్దులు బాగానే ఉన్న్యాయి."

అత్తకు ఎప్పుడో తెలుసు, ఊరందరికీ తెలుసు, వాడు మాత్రం ఏడేండ్లు చెప్పలేకపోయిన మాట అది. చెప్పినాడు, ఇంగ ఈమె ఏమంటాదో అని శాంతమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. అత్త, కోడిని గూడా ఇడిచిపెట్టని ఆ నోరు, రెండే మాటలు అన్నింది.

"తెలుసు. తిను."

నేను అడిగినా, ఎట్లనత్తా, ఎట్ల వచ్చె ఆ మాటలు అని. నిజంగా ఎరగనట్టు మొగం పెట్టింది. "అవి నావి గావమ్మే. నా కాడ తిట్లు ఉన్న్యాయి, ఏడేండ్లుగా ఏరి పెట్టుకున్నవి. ఆ రెండు మాటలు యాడివో నాకు తెలీదు" అనింది. ఏమి? ఒక్కసారికే అంతా పోయిందా అంటావా? లేదు. పై శనివారం మళ్లా కోపమొచ్చిందంట, ఇంగా ఎక్కువగా. మళ్లా దేవున్ని అడుక్కుంటా పోయింది. వాని కాలు అతుక్కుండేదాకా, పదకొండు వారాలు, ఒక్కసారి తప్ప ప్రతిసారీ వాకిలి కాడనే అడుక్కుంది. నాలుగో వారమో ఐదో వారమో ఆ చిన్నపిల్ల వీధి మలుపు కాడికే ఎదురొచ్చి, పెద్దమ్మా పెద్దమ్మా అని కొంగు పట్టుకోని నడిచిందంట, ఆ పొద్దు అడుక్కోవడం మర్చిపోయినా అని తనను తానే తిట్టుకుంది.

ఇంగొకటి చెప్పనే లేదు నీకు. మా గుడిలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటాది, రొట్టె తీసుకుంటాం. తోటి మనిషి మీద పగ పెట్టుకోని ముట్టగూడదని అత్త ఆ ఏడేండ్లూ ముట్టలే, అందరూ లేస్తే ఈమె ఒక్కతే చాప మీద కూచుండేది. ఆ సంగటి వండినాంక వచ్చిన ఆదివారం లేసింది. తలుపులో వంగినట్ల వంగి చెయ్యి సాపింది. రొట్టె ముక్క చేతిలో పడినాంక దాన్ని రెండు చేసి, సగం నోట్లో ఏసుకోని, సగం మెల్లగా కొంగున ముడేసింది, నడవలేనోడు ఇంట్లో ఉండాడు గదా. అట్ల చెయ్యగూడదు పాపా, ఇంటికి తీసుకపోయేది కాదది. జీవరత్నం అయ్యగారు చూసినాడు. చూసి, గట్టిగా కండ్లు మూసుకోని, ప్రార్థన పట్టుకున్నాడంట, ఎప్పుడూ చెయ్యనంత పొడుగు ప్రార్థన, ఆమె బయటికి పొయ్యి, వీధి మలుపు తిరిగేదాకా.

ఊ. యాడ పెట్టితినే నా కండ్లద్దాలు.