వాసన తెలుస్తా ఉందా?

2020 జూన్. తిరుపతిలో ఒక లాడ్జి, మూడో అంతస్తు. కువైట్ నుంచి వచ్చిన ఓబయ్య, జోయల్ ఒకే గదిలో క్వారంటైన్‌లో ఉన్నారు. ఏడో రోజు, మధ్యాహ్నం.

"ఇంకా కొట్టుకుంటానే ఉండావే. సాలు లేబ్బా జోయలూ. ఆ సెంటు నీ పెండ్లానికి తెచ్చినావా, నీకు తెచ్చుకున్నావా?"

"ఏముండాదన్నా దీంట్లో, నీళ్ళు. అంగట్లో చేతి మింద రాసి సూపించినప్పుడు ఘుమ్మనింది. ఇప్పుడు సూడు, ఎన్నిసార్లు కొట్టినా ఒకటే."

"కువైట్‌లో నీళ్ళు గూడా సెంటు రేటే గదా. పోనీలే. రేపు పొద్దున్నే బయటపడతాం, అది సాలు."

"నర్సమ్మ సంతకం పెడితే గదా."

"పెడతాదిలే. మూడింటికొస్తాది. జ్వరమా, దగ్గా, వాసన తెలుస్తాందా అని అడుగుతాది. ఊరికి పొమ్మంటాది. నాకైతే పోబుద్ధి కాలేదబ్బా. తిరుపతిలో గది దొరకాలంటే ఎంతమందిని పట్టుకోవల్ల? మనకు వద్దన్నా ఇచ్చినారు. మూడు పూట్లా తిండి, కిటికీ తీస్తే కొండ. అంతా ఉండాది, దర్శనమే లేదు."

"నేను చర్చికి పొయ్యేవాణ్ణి. నాకు సూపించి ఏం లాభం."

"ఏడు దినాల్నుంచి నాకంటే నువ్వే ఎక్కువ సూస్తాండావు దాన్ని."

"ఇంకేముండాది సూసేదానికి? గోడ, కొండ, నువ్వు."

"ఇదే సుఖం అనుకో. ఆడ మా గదిలో తొమ్మిదిమందిమి. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరముండల్లని మా కంపెనీవోడు వాట్సాప్ పెట్టినాడు. కొలిచి సూస్తే ఏడుమంది రోడ్డు మింద ఉండల్ల. రోడ్డు మిందికి పోతే కర్ఫ్యూ, పోలీసోడు పట్టుకుంటాడు."

"మా అరబ్బు కారుకు దినానికి నాలుగుసార్లు మందు కొట్టించినాడు. ఆ కారు యాడికీ పోదు, షెడ్డులోనే ఉండాది. అయినా కొట్టల్ల. నా చేతులు సూడు, తోలు ఊడిపొయ్యింది."

"ఊర్లో మాత్రం తక్కువనా? మా ఇంటామె అక్కమ్మ సెప్పింది, పోయిన తూరి ఫారిన్ సబ్బు ఫారిన్ సబ్బు అని ఇల్లు తొక్కినోళ్ళే ఇప్పుడు బాటకు అడ్డం ముళ్ళకంప వేసినారంట."

"మా ఊర్లోనూ అంతే. నేను సేలో పడి పోతా. ఎట్లైనా పోవల్ల అన్నా. డాక్టరమ్మ కాన్పు ఈ వారంలోనే అనింది. నా పెండ్లాం నిస్సీ నడవలేకుండా ఉండాది. మొదటి బిడ్డ పోయినప్పుడు నేను ఆడ కారు కడుగుతాండా. ఫోన్ వచ్చింది, ఎత్తే దానికి కుదర్లేదు. ఈసారి ఉండకపోతే నేను మనిషినే కాదు."

"ఉంటావులే. తలుపు కొడతాండారు సూడు."

"అన్నా, నేను మునికుమార్ని. అన్నం పొట్లాలు తలుపు కాడ పెడతాండా… అబ్బ, ఏందప్పా ఇది? బాటిల్ పగలగొట్టినారా? కింద మెట్ల కాడికి కొడతాండాది వాసన. ఈడ నాకు మాస్కులో నుంచి గూడా తల తిరుగుతాండాది. ఏమన్నా, ఇద్దరూ మాట్లాడరే?"

"ఆ… పగిలింది. పగిలింది మునికుమార్. పెట్టేసి పో నువ్వు."

"నర్సమ్మ రెండో అంతస్తులో ఉండాది. తర్వాత మీ గదే. కిటికీలు తెరిసి పెట్టండి."

"పోయినాడా, జోయలూ?"

"పోయినాడు."

"ఎన్ని దినాల్నుంచి?"

"ఏంది?"

"నాకు సెప్పు. ఎన్ని దినాల్నుంచి తెలీలేదు నీకు వాసన?"

"జలుబన్నా. ఈ ఏసీ గాలికి…"

"ఈ గదిలో ఏసీ యాడుండాదిరా?"

"…నిన్నట్నుంచి. నిన్న సబ్బు వాసన రాలేదు. పాత సబ్బేమో అనుకున్నా. పొద్దున కాఫీ రాలేదు. సెంటన్నా వస్తాదేమోనని కొడతానే ఉండా."

"నర్సమ్మకు సెప్పల్ల."

"సెప్తే ఏమైతాదో తెలుసా నీకు? ఆస్పత్రి. ఇంకో పద్నాలుగు దినాలు. ఆలోపల అంతా అయిపోతాది."

"సెప్పకుంటే ఏమైతాదో అది గూడా తెలుసు నీకు. నిండు నెలల మనిషి. నువ్వు ఇంట్లోకి పొయ్యి దగ్గితే ఆయమ్మకు, ఆయమ్మ నుంచి బిడ్డకు."

"ఇంట్లోకి పోను. బయట వసారాలో పండుకుంటా. మాస్కు తియ్యను. బిడ్డను ముట్టుకోను గూడా, దేవుని తోడు. ఏడ్సేది వింటే సాలు నాకు."

"నొప్పులొస్తే ఆటోలోకి ఎవరెత్తుతారు? బాటకు కంపేసినోళ్ళా?"

"ఎవురో ఒకరొస్తార్లే అన్నా."

"నువ్వే ఎత్తుతావు. ఎత్తకుండా ఉండలేవు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

"అన్నా, నన్ను భయపెట్టద్దు."

"భయపడల్లనే సెప్తాండా. నువ్వు సెప్పకుంటే నేను సెప్తా."

"నువ్వు సెప్తే నిన్నూ ఇడిసిపెట్టరు. ఒకే గది మనది."

"ఉంచనీ."

"ఉంచనీయా? గోడ మింద గీతలు గీసి దినాలు లెక్కబెట్టినోడివి నువ్వు. పొద్దున్నే లేసి బ్యాగు సర్దినావు. వదినకు ఫోన్ సేసి సంగటి సేసి పెట్టమన్నావు. ఇప్పుడు ఉంచనీ అంటాండావు?"

"నా సంగతి ఇడిసిపెట్టు."

"ఇడవను. ఇట్లా సూడన్నా. నేను గంటసేపు కొట్టినా ఈ సెంటు. మెట్ల కాడికి పోయిందంట. నువ్వు ఈ మంచం మిందనే ఉండావు. ఒక్క మాటన్నా అన్లేదే?"

"అన్నా గదా, సాలు లే అని."

"అది కొట్టేది సూసి అన్నావు."

"వాసనొచ్చే అట్లన్నా."

"ఏం వాసన?"

"సెంటు వాసన."

"ఏం సెంటు?"

"ఏం పోలీసోడివా నువ్వు? రోజా పూల వాసన. సాలా?"

"బాటిల్ మింద బొమ్మ సూసి సెప్తాండావు. అంగడోడు పాత రోజా బాటిల్లో పోసిచ్చినాడు. లోపల ఉండేది ఊద్, అరబ్బోళ్ళు పూసుకునేది. పదేండ్లుండావు ఆడ. ముక్కుండేవాడు దాన్ని రోజా అనడన్నా. ఎప్పట్నుంచి?"

"అడగద్దు జోయలూ."

"సరే, అడగను. నాకు బుద్ధి సెప్తాండావు, నువ్వేమో నోరు మూసుకోనుండావు. పోనీ. ఇద్దరికీ ఒకటే గదా. నేను సెప్పను, నువ్వు సెప్పద్దు. రేపు నువ్వు పుత్తూరు బస్సెక్కు, నేను బంగారుపాళ్యం పోతా. ఎవురికీ తెలీదు."

"బస్సులో యాభైమంది ఉంటార్రా."

"నీ కాళ్ళు పట్టుకుంటా."

"లెయ్. లెయ్ రా. నా కాళ్ళు పట్టుకుంటే నాకు పాపం."

"నువ్వు గమ్మునుండు అన్నా. అంతే. ఏమీ సెయ్యద్దు, గమ్మునుండు."

"నర్సమ్మ వస్తాంది. తుడుసుకో మొగం."

"జోయల్, ఓబయ్య. ఇద్దరూ ఆ గోడ దగ్గర నిలబడండి, లోపలికి రాను. దేవుడా, ఈ గదిలో నిలబడి వాసన తెలుస్తా ఉందా అని అడగడం నాదే తప్పు. అయినా అడగాల, ఫారం మీద ఉంది. జోయల్, జ్వరం?"

"లేదు మేడం."

"దగ్గు?"

"లేదు మేడం."

"వాసన తెలుస్తా ఉందా?"

"…తెలుస్తాంది మేడం."

"సరే, ఇదిగో, సంతకం రేపు పొద్దున కాదు, ఇప్పుడే పెట్టేస్తా. నీ భార్యకు నెలలు నిండినాయన్నావు కదా, తొందరగా పో. ఓబయ్య గారూ, మీకు జ్వరం?"

"ఇప్పుడు లేదు."

"ఇప్పుడు లేదంటే?"

"అన్నా, వద్దన్నా."

"విమానం ఎక్కేనాడు ఉన్నింది మేడం. ఎయిర్‌పోర్టులో మిషన్‌కు దొరకకుండా రెండు పనడాల్ జ్వరం మాత్రలు మింగి వచ్చి, వీని పక్క సీట్లో కూర్చున్నా. వీనికి అంటించింది నేనే, ఆ కాయితం మింద సంతకం పెట్టద్దండి."