మూడు తోకల పురుగులు

మూతబడ్డ గని కింది వాగు. కోడలు నీళ్ళు పరీక్షించడానికి వచ్చింది. ఆమె మామగారు ఆ గనికి కాపలాదారు.

"ఇంకో రాయి తిప్పండి మామయ్యా."

"ఎన్ని తిప్పిస్తావమ్మాయ్? దొరికాయిగా నీ మూడు తోకల పురుగులు. అవుంటే నీళ్ళు మంచివని నువ్వే అన్నావు. రాసేసెయ్, పోదాం."

"ఒక్క రాయి కిందే పద్దెనిమిది. పక్క రాళ్ళ కింద ఒక్కటీ లేదు."

"అక్కడ బాగుందేమో వాటికి."

"పోయిన ఏడాదంతా ఈ వాగులో ఒక్కటి కనబడితే ఒట్టు. పైగా వీటిలో సగం చచ్చున్నాయి."

"ఎండకి..."

"నీళ్ళలో ఎండేంటండీ! పొద్దున్న ఎక్కడికెళ్ళారు మీరు?"

"ఎక్కడికెళ్తాను? గేటు దగ్గరే."

"గేటు దగ్గరుంటే ప్యాంటు మోకాళ్ళ దాకా తడుస్తుందా?"

"పద పద, పాప స్కూలు నుంచి వచ్చే వేళయింది."

"గట్టు అవతలి వాగులోంచి తెచ్చారు కదూ?"

"తెచ్చాను. బక్కెట్లో."

"కంపెనీవాళ్ళు తెమ్మన్నారా?"

"వాళ్ళ మొహం! ఎవరూ చెప్పలేదు."

"మరి నా కళ్ళలో దుమ్ము కొడదామనా? ఈ కాగితం మీద సంతకం నాది మామయ్యా. బాగుందని రాసేస్తే రేపు ఈ నీళ్ళే ఎవరో ఒకరు..."

"నీకోసం కాదు తల్లీ. నువ్వు ఇవాళ వస్తావనే తెలీదు నాకు. మొన్న పాపకి ఆ పురుగు బొమ్మ చూపిస్తూ చెప్పావు చూడు, పాడు నీళ్ళలో ఇది బతకదని. ఆ మర్నాటి నుంచీ తెస్తున్నా. పొద్దున్న వదులుతా, సాయంత్రం వచ్చి చూస్తా."

"ఏం చూస్తారు?"

"బతికున్నాయా అని."

"ఉన్నాయా?"

"ఒక్కరోజు... ఒక్కరోజన్నా ఉంటాయేమోనని."

"ఉన్నాయా మామయ్యా?"

"లేవు."

"ఇంత తిప్పలెందుకు? నన్నడిగితే చెప్పేదాన్నిగా."

"నిన్నడగడానికే నోరు రాలేదు. నువ్వు ట్రైనింగుకెళ్ళినప్పుడు పాపని నా దగ్గర వదిలావు కదా, ఎనిమిది నెలలు."

"అయితే?"

"అప్పుడు కాలనీ కుళాయి పాడైంది."

"తెలుసు. డబ్బా నీళ్ళు కొంటున్నామని ఫోన్లో చెప్పారు కదా. చెప్పారు కదా మామయ్యా?"

"చెప్పాను. కానీ పాపకి ఈ వాగు నీళ్ళే కాచి పట్టానమ్మా."