చుక్క లేని బొమ్మ

మర్నాడు సాయంత్రమే సింగపూర్‌లో ఎగ్జిబిషన్. చిత్రకారిణి చిన్నమ్మ ముప్పై ఏడేళ్లుగా వేసిన బొమ్మలన్నీ మొదటిసారి ఒక్కచోట గోడెక్కుతున్నాయి. అందులో ఒక గది నిండా ఉన్నది ఆవిడ కూతురు పునీతే, ఉయ్యాల నుంచి నడివయసు దాకా. అటు తిరిగినా ఇటు తిరిగినా తన ముఖమే ఎదురయ్యే ఆ గదిలోకి రావడం పునీతకి ఏమాత్రం ఇష్టం లేదు. ఈవేళ మాత్రం ఆహ్వానపత్రం చేత్తో పట్టుకుని, ఆఫీసు మధ్యలో వదిలేసి వచ్చి పడింది. బొమ్మలు తగిలిస్తున్న పరిశోధక విద్యార్థిని మహతి నిచ్చెన మీదే ఆగిపోయి, దిగాలో వద్దో తేల్చుకోలేకపోతోంది.

"దించెయ్యమను అమ్మా. ఆ ఒక్కటీ దించెయ్యమను. మిగతావి నీ ఇష్టం."

"ముందు కూర్చోవే. జురాంగ్ ఈస్ట్ నుంచి రైల్లో నిలబడే వచ్చుంటావు."

"కూర్చోడానికి రాలేదు నేను."

"మకాన్ అయిందా? ఏటైనా తిన్నావా?"

"అమ్మా! మాట మార్చకు, ప్లీజ్. ఈ కార్డు ఎవరికి పంపించారో తెలుసా? మా బాస్‌కి! మీటింగ్ అయ్యాక పక్కకి పిలిచి, 'పునీతా, ఈ బొమ్మలో ఉన్నది నువ్వేనా?' అని అడిగింది."

"నువ్వేటన్నావు?"

"ఏమంటాను? బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నా. నాకు జబ్బు చేసిందని ఆఫీసులో ఒక్కళ్లకి తెలీదు. లాంగ్ లీవ్, ఇండియా వెళ్తున్నా అని చెప్పా. ఇప్పుడు కార్డు మీద కలర్‌లో వచ్చేసింది. మంచం, గుండు, వీపు."

"ముఖం లేదు కదే."

"ముఖం ఎందుకమ్మా? నీ బొమ్మల్లో వీపు ఎవరిదో సింగపూర్ మొత్తానికి తెలుసు!"

"అరవకు. మహతి నిచ్చెన మీదుంది, పడిపోతాది."

"పర్లేదు ఆంటీ, నేను దిగిపోతా. పక్క గదిలో పనుంది నాకు."

"నువ్వుండు మహతీ. నువ్వే చెప్పు. నాకు మూడేళ్ల కింద క్యాన్సర్ వచ్చింది. మొదటి కీమో రోజు ఈవిడ నా చెయ్యి పట్టుకుని, నీవి అన్నీ వేశాను గానీ ఇది మాత్రం వెయ్యనే అంది. నేను అడక్కుండానే అంది. అన్నావా లేదా?"

"అన్నాను."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశావా లేదా?"

"వేశాను. ఆ ఒట్టు నేను తప్పలేదు."

"తప్పలేదా! మరి గోడ మీద ఇదేంటి?"

"మహతీ, ఆ ఎడమ వేపు కొంచెం కిందకి దిగిపోయింది, చూడమ్మా."

"చూశావా? ఇదీ ఈవిడ పద్ధతి. అవుననదు, కాదనదు. ఫ్రేము వంకరగా ఉందంటుంది."

"అక్కా, నిజానికి కార్డు విషయంలో తప్పు నాదే. ఈ బొమ్మకి పేరేంటని ఎన్నిసార్లు అడిగినా ఆంటీ చెప్పలేదు. మీరే కదా అనుకుని నేనే ఈ 'కూతురు' గదిలో పెట్టించా. కార్డు మీద కూడా నేనే వేయించా."

"వద్దనలేదా ఈవిడ?"

"లేదక్కా. చాలాసేపు చూసి, సరి సరి అలాగే కానీ అన్నారు."

"అదీ! అడిగిన వాళ్లకల్లా నన్ను ఇచ్చేస్తుంది. మహతీ, ఇటు రా. ఇదిగో, ఈ బొమ్మ చూడు. నాకు పదమూడేళ్లు. స్కర్టు మీద మరక. స్కూలు వాళ్లు మా క్లాసు మొత్తాన్ని ఎగ్జిబిషన్‌కి తీసుకొచ్చి సరిగ్గా దీని ముందు నిలబెట్టారు. ఇది ఇక్కడుందని నాకు ముందు చెప్పలేదు కూడా."

"ఆ బొమ్మకి బహుమతి వచ్చింది."

"నీకొచ్చింది. నన్ను ఆ ఏడాదంతా 'రెడ్ పెయింట్' అని పిలిచారు."

"నాకా సంగతి నువ్వు ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే దాన్ని కూడా వేస్తావని భయం. ఇది చూడు. ఆటలమ్మ పోసినప్పుడు. ఒళ్లంతా దురద. కదలకే, కదలకే, వెలుతురు పోతాది అని ఒకటే గోల."

"వేపాకు పెట్టి రాశాను కాదేటే, పొద్దస్తమానం?"

"రాశావమ్మా. ఒక చేత్తో. రెండో చేతిలో బ్రష్షు."

"అక్కా, సారీ, మధ్యలో అడుగుతున్నా. రేపు చూడ్డానికొచ్చేవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఈ గదిలో ప్రతి బొమ్మలో ఎక్కడో ఒకచోట నల్ల చుక్క ఉంది. బుగ్గ మీదో, అరికాలి దగ్గరో. ఆంటీని అడిగితే నవ్వుతారు. నేను నా థీసిస్‌లో 'గైర్హాజరీకి సంకేతం' అని ఒక అధ్యాయమే రాశా."

"గైర్హాజరీయా! దిష్టిచుక్కమ్మా అది."

"ఏంటి ఆంటీ?"

"దిష్టిచుక్క. మీ గుంటూరులో పెట్టరేటి పిల్లలకి?"

"పెడతారు... అయ్యో! మా గైడ్‌కి చాలా నచ్చింది ఆంటీ ఆ అధ్యాయం."

"నచ్చితే ఉంచీ. నా మొదటి ఎగ్జిబిషన్ కమ్యూనిటీ హాల్లో. బొమ్మలో ఇది, పొత్తిళ్లలో. మా బ్లాకులో ఉండే ఒక ముసలావిడ వచ్చి, ఊరందరి కళ్లూ పడతాయి పిల్ల మీద, చిన్న చుక్కయినా పెట్టలేదేటే అని తిట్టీసింది. అప్పటికప్పుడు నా కంటి కాటుక వేలితో తీసి బొమ్మకి పెట్టీసాను. ఆ తర్వాత రంగుతోనే పెడుతున్నాను."

"మరి ఓడరేవు బొమ్మలు, రబ్బరు తోట బొమ్మలు? వాటిల్లో చుక్క లేదే?"

"ఓడకి దిష్టేటి తగులుతాది? అది నా పిల్లకే."

"నేను ఎక్కడికెళ్లినా ముందు ఆ చుక్కే వెతుక్కునేదాన్ని మహతీ. ఆ స్కర్టు బొమ్మ ముందు క్లాసంతా నవ్వుతుంటే, నేను చుక్క వైపే చూస్తూ నిలబడ్డా. మా అమ్మ పెట్టింది, మా అమ్మ పెట్టింది అనుకుంటూ. స్టుపిడ్, కదా?"

"స్టుపిడ్ కాదు అక్కా."

"సరే. చుక్క పెట్టావు కదా అని అన్నీ ఒప్పుకోమంటావా అమ్మా?"

"నేనేమీ అడగలేదే."

"అడగవు. అదే నీతో వచ్చిన చిక్కు. ఇదిగో, ఈ కోపంలో కూడా కింద ఆగి నీకు ప్రాటా కట్టించుకొచ్చా. తిను."

"అటు పెట్టు. వాసన పడటం లేదు."

"ఏంటి? టర్పెంటైన్ వాసన మధ్య అన్నం తినేదానివి. ప్రాటా వాసన పడట్లేదా?"

"వయసే. అన్నీ పడతాయేటి?"

"ఆ తలగుడ్డ ఎందుకింకా? రంగు పడుతుందని కట్టుకునేది కదా. బొమ్మలు వెయ్యడం ఎప్పుడో అయిపోయింది. తీసెయ్."

"ఏసీ చల్లగా ఉంది. ఉండనీ."

"ఫైన్. లాస్ట్ టైమ్ అడుగుతున్నా. అది దించుతావా, దించవా?"

"ఉండనీ అది."

"ఉండనీ అంటే?"

"అది ఇక్కడుండాలి."

"అయితే రేపు నేను రాను. మా ఆయన యశ్వంత్ రాడు. పిల్లల్ని కూడా తీసుకురాను. ఇంక ఎప్పుడూ నీ ముందు కూర్చోను. బిషాన్‌లో నీ ఇంటి గుమ్మం తొక్కను."

"ఇప్పుడు మాత్రం తొక్కుతున్నావేటి?"

"నువ్వే రానివ్వట్లేదు! వస్తానంటే ఇల్లంతా బొమ్మలు పరిచాను, కాలు పెట్టే చోటు లేదు అంటావు. పోనీ నువ్వే పుంగ్గోల్‌లో మా ఇంటికి రామ్మా అంటే, ఎగ్జిబిషన్ పని. రెండు నెలలైంది నీ ముఖం చూసి. ఫోన్‌లో కూడా కెమెరా ఆన్ చెయ్యవు."

"నిజమే అక్కా, ఆంటీకి అస్సలు ఖాళీ లేదు. మంగళవారాలైతే నా ఫోన్ కూడా ఎత్తరు. బుధవారం ఫోన్ చేస్తే గొంతే రాదు, అంత అలసిపోతారు."

"మహతీ, ఓడల గదిలో లైటు ఆరిపోయిందన్నావు. ఎల్లి చూడమ్మా."

"అది బాగు చేశారు ఆంటీ."

"మళ్లీ చూడమ్మా."

"ఆ... సరే ఆంటీ."

"ఆ పిల్లని ఎందుకు తరిమేశావు?"

"తరమలేదు. లైటు."

"ఏదో దాస్తున్నావు. ఉండు, నేనే దగ్గరకెళ్లి చూస్తా. నా వీపు ఎంత బాగా వేశావో చూడాలి కదా."

"దగ్గరకెల్లకే. దూరం నుంచే బావుంటాది అది."

"ప్రతి పనికిమాలిన బొమ్మనీ దగ్గర్నుంచి చూడమంటావు, దీన్ని వద్దంటావేం? ... అమ్మా."

"ఏటి?"

"చుక్కేది? మెడ దగ్గర లేదు. చెవి వెనకాల లేదు. మంచం కోడు మీద, దుప్పటి మీద... ఎక్కడా లేదు. చుక్కేదమ్మా?"

"పెట్టలేదు."

"మర్చిపోయావా?"

"లేదు."

"అంటే కావాలనే పెట్టలేదు. జలుబు చేసినప్పుడు వేసిన బొమ్మకి పెట్టావు. పళ్లూడిన బొమ్మకి పెట్టావు. చచ్చి బతికినదానికి పెట్టడానికి చెయ్యి రాలేదా? అన్నిటికంటే దీనికి కావాలి కదమ్మా! ఎవరేమనుకున్నా పోనీ అనుకునేదాన్ని. అది ఒక్కటి పెట్టుంటే..."

"ఏడవకే. పునీతా. ఏడవకే అమ్మా."

"ఏడుస్తా. నా ఇష్టం. కనీసం... ఆగు. ఈ కిటికీ ఏంటి?"

"కిటికీయే."

"ఎదురు బ్లాకు. వెదురు కర్రలకి ఆరేసిన బట్టలు. ఆ ఆకుపచ్చ దుప్పటి ఎదురింటావిడ ఏడాది పొడుగునా ఆరేస్తూనే ఉంటుంది. ఇది నీ బెడ్రూమ్ కిటికీ."

"అవును."

"నాకు జబ్బు చేసినప్పుడు నేను బిషాన్‌లో లేను. పుంగ్గోల్‌లోనే ఉన్నా. నువ్వే రోజూ వచ్చేదానివి."

"వచ్చీదాన్ని."

"మరి నన్ను నీ మంచం మీద ఎందుకు కూర్చోబెట్టావు? అమ్మా. ఈ వీపు ఎవరిది?"

"వెనకొక అద్దం, ముందొక అద్దం పెట్టుకుని వేశాను. తిరిగి తిరిగి చూసుకోడానికి మెడ పట్టీసింది."

"తలగుడ్డ తియ్యి."

"ఇక్కడా? మహతి వచ్చీస్తాది."

"రానీ. తియ్యమ్మా."

"నువ్వే తియ్యి. నా చెయ్యి పైకి లేవటం లేదు."

"ఉండు, ముడి విప్పనీ... అమ్మా! నీ జుట్టు..."

"చల్లగా ఉందే. చెయ్యి అలాగే ఉంచు కాసేపు."

"ఎప్పట్నించి?"

"దీపావళి వెళ్లిన తర్వాత తెలిసింది. మంగళవారం మంగళవారం మందు ఎక్కిస్తున్నారు."

"ఒక్కదానివే వెళ్తున్నావా?"

"రైలుంది కదే."

"నాకు ఒక్క మాట... నాకు తెలుసమ్మా ఆ మందు! ఆ రోజు రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు! నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు?"

"నువ్విప్పుడిప్పుడే జుట్టు ముడేసుకుంటున్నావు. నిన్ను మళ్లీ ఆ ఆస్పత్రి గుమ్మంలోకి ఎలా తీసుకెళ్లను? అయినా నోటితో చెప్పడం నాకెప్పుడొచ్చిందే? ఏదైనా గోడకి తగిలించే చెప్పాను. ఇది చూస్తే నువ్వే కనిపెట్టీస్తావనుకున్నాను. ఇన్నాళ్లూ నిన్ను అందరి ముందూ నిలబెట్టాను కదా, ఒక్కసారి నేను కూడా నిలబడాలనీసి వేశాను. నువ్వు చూసి, నీదనీసి పోట్లాటకొచ్చావు."

"నేను... నా వీపే అనుకున్నా."

"నేను కూడా అద్దంలో చూసి అదే అనుకున్నాను. నీదే అనుకుని భయపడిపోయాను."

"ఎవరూ లేకుండా, ఆ మంచం మీద, అలా... మరి దీనికి చుక్కెందుకు పెట్టలేదమ్మా?"

"ఎవరికి వాళ్లు పెట్టుకునేది కాదు కదే అది. ఇంకొకరు పెట్టాలి. మా అమ్మ ఎప్పుడో పోయింది."

"ఆంటీ, లైట్లన్నీ చూసేశా. తగిలించేవాళ్లు వెళ్లిపోతామంటున్నారు. ఆ బొమ్మ దించాలంటే ఇప్పుడే... అయ్యో! ఆంటీ, మీ తల... అక్కా, ఏమైంది? దించెయ్యమంటారా?"

"వద్దు మహతీ. అది అక్కడే ఉంటుంది. 'కూతురు' అని రాసిన అట్ట ఒక్కటి తీసెయ్. ఇక్కడెవరి దగ్గరైనా నల్లరంగు ఉంటే కొంచెం తెచ్చిపెట్టు. మా అమ్మకి చుక్క పెట్టాలి."