మా కలెక్టరమ్మకి సూదెందుకు

"ఇదిగో, ఈ గిన్నెలో మరుగుతున్న పాల సాక్షిగా సెప్తన్నాను. నేను సెప్పబోయే దాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఆ పాలు ఇప్పుడే ఇరిగిపోవాల. సూడండి. ఇరగలేదు కదా. ఇంకేటి కావాలి మీకు?"

అలగ మొదలెట్టేను. దాలమ్మ మొదలెట్టినాదంటే అయ్యేదాకా ఎవులూ లేవరు. మా ఊళ్ళో నా పేరు సెప్పి సూడండి, ఎంటనే నవ్వుతారు. అది గౌరవంతో వచ్చే నవ్వు.

నరసన్నపేట దాటేక పెద్ద రోడ్డు పక్కన కూర్మయ్య టీ బడ్డీ ఉన్నాది. కూర్మయ్య నాకు వరసకి అల్లుడు. బడ్డీ ముందు బల్ల మీద మొదటి సోటు నాది. ఎందుకు నాదంటే, కూర్మయ్య టీలో పోసే పాలు మా గేదెవి. దాని పేరు కలెక్టరమ్మ. అది పశువుల సాలలోంచి బయటికొస్తే వీధిలో కూర్సున్నోళ్ళంతా లేచి నించోవాల, లేదంటే తొక్కీసి పోతాది. అందుకని ఆ పేరు.

ఆ పొద్దు ఉష వచ్చినాది. పశువులాసుపత్రిలో కొత్తగా సేరిన పిల్ల. బుజాన టీకా మందున్న నీలం రంగు ఐసు పెట్టి, సేతిలో టీకా పడ్డ పశువుల సెవికి కుట్టే పోగుల కట్ట. అప్పటికే సాలూరు లారీ డ్రైవరు సోములు టీకోసం ఆగున్నాడు.

"మామ్మా," అన్నాది ఉష, "ఊళ్ళో అన్నిటికీ గాలికుంటు టీకా ఏసీసేను. మీ కలెక్టరమ్మ ఒక్కటే మిగిలినాది. పక్కూర్లో జగన్నాధం మావ సాలలో రోగం దిగినాది. రెండు గేదెలు నోటి నిండా పుండ్లతో సొంగ కారుస్తన్నాయి. ఈ ఐసు కరిగిపోయేలోగా సూది ఏసీయాల. ఏదీ గేదె?"

"దాని సెల్లెలు ఈనినాది. సూడ్డానికి ఎల్లినాది," అన్నాను.

మా ఊరి పద్ధతి మీకు తెలీదు. టీకాలోళ్ళు వచ్చే రోజున మా ఊరి పశువులకి సుట్టాలు గుర్తొస్తారు. ఒకడి ఆవు మేనత్తింటికి ఎల్తాది, ఒకడి పెయ్య పెళ్ళికెల్తాది. సూది పడితే ఒకటి రెండ్రోజులు పాలు తగ్గుతాయని బెంగ. నా బెంగ ఇంకా పెద్దది. పాలు తగ్గితే కూర్మయ్య పేకెట్టు పాలు తెస్తాడు. ఒకసారి తెచ్చినోడు మళ్ళీ మానడు. పేకెట్టు పాలు బల్ల మీద సోటు అడగవు, రోజుకి ఆరు టీలు ఊరికే తాగవు. అందుకని ఆ పిల్ల పెట్టిలో ఐసు కరిగిందాకా మాటల్లో పెట్టీసి సాగనంపుదామనుకున్నాను.

ఒలే ఉషా, కూర్సో, నీకు తెలీని సంగతి సెప్తాను. మూడేళ్ళ కిందట కలెక్టరమ్మ సిక్కి సగమైపోనాది. దవడ కింద నీటిసంచి ఏలాడతన్నాది. తవుడు పెడితే వాసన సూసి మొగం తిప్పీసుకుంటన్నాది. ఊరంతా దిష్టి అన్నారు, పక్కింటి గున్నమ్మొచ్చి ఎండు మిరపకాయలు దిగదుడిసినాది. నేను మాత్రం పేడ సూసేను. పొద్దున్నే ఏడిగా ఇంత తీసి, మనవరాలి పెళ్ళికి పంచిన స్వీటు డబ్బాలో పెట్టి ఆస్పత్రికి పట్టికెళ్ళేను. డాక్టరుబాబు పెళ్ళి స్వీటనుకుని మూత తీసీసేడు.

"అది నిజమే," అన్నాది ఉష. "ఆ డబ్బా సంగతి ఆస్పత్రిలో ఇప్పటికీ సెప్పుకుంటారు."

ఇన్నారా? ఆస్పత్రే సాచ్చికం. డాక్టరుబాబు మైక్రోస్కోపులో కన్నెట్టి, "కార్జపు జలగ గుడ్లు కనబడతన్నాయి దాలమ్మా, నత్తలున్న కాలవ గట్టున మేపేవు కదా" అన్నాడు. నేను ఏ అద్దమూ లేకుండా కిటికీ బయట నించుని సూసి, "పదకొండు వేల నాలుగొందల ఎనభై రెండున్నాయి బాబూ, అందులో మూడు పొదగడానికి తయారుగా ఉన్నాయి" అన్నాను. ఆయన లెక్కెట్టేడు. ఒకటి తగ్గినాది. మళ్ళీ లెక్కెట్టమన్నాను. ఆ ఒక్కటీ అద్దం అంచు కింద దాక్కున్నాది.

"జలగ గుడ్డు దాక్కుంటాదా పెద్దమ్మా?" అన్నాడు సోములు.

నీ లారీలో ఎక్కించుకున్న జనం చెక్‌పోస్టు రాగానే దాక్కోరేటి? అదీ అంతే. బతకాలని దానికీ ఉంటాది.

సరే, బాబు మందు రాసిచ్చేడు, తాగించేను. మందు ఆయనది, మేత నాది. ఏ పుస్తకంలోనూ లేని మేత. భావనపాడు నుంచి లక్ష్మణమ్మ ఎండు నెత్తళ్ళ గంప తెస్తాది కదా, గంపకి గంప కొనీసి, రోట్లో మెత్తగా దంచి, తవుడులో ఉడకేసి, ఉలవలు కలిపి పెట్టేను. మొదటి రోజు సెంబుడు పాలు. రెండో రోజు బిందెడు. మూడో రోజుకి బిందెలు సాలక, పొరుగింటోళ్ళ గాబులో పితికేను. నాలుగో రోజుకి ఊళ్ళో గిన్నెలన్నీ నిండిపోనాయి, బోరింగు కొడితే పాలొస్తన్నాయి. పిల్లలు స్నానాలు మానీసేరు.

"ఆ వారం నా టీ అంతా సేపల పులుసు కంపు కొట్టినాది," అన్నాడు కూర్మయ్య. "అది మాత్రం నాకు బాగా గుర్తు."

కంపంటావేటి అల్లుడా, రుచి అను. లారీలోళ్ళు గ్లాసుడు టీ తాగి, ఇంతన్నం పెట్టమని అడగలేదా? నువ్వు సెప్పకపోతే నేను సెప్తాను, ఇద్దరు ములక్కాడ కూడా అడిగేరు.

"మామ్మా, ఐసు కరుగుతన్నాది," అన్నాది ఉష.

ఆగవే, అసలు సంగతి ఇప్పుడొస్తాది. ఐదో రోజు మిట్ట మధ్యాన్నం కలెక్టరమ్మ తోకెత్తినాది. సూద్దును కదా, ఏలికపాము తలకాయి బయటికొచ్చి ఇటూ అటూ సూస్తన్నాది. పట్టుకుని లాగేను. జానెడొచ్చినాది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మూరడొచ్చినాది. ఇంకా లాగేను. లాగుతా లాగుతా ఎనక్కి నడిసేను. సాల దాటేను, వీధి దాటేను, ఈ బడ్డీ దాటేను, పెద్ద రోడ్డెక్కేను. నరసన్నపేట బజారుకెళ్ళి తిరిగి సూస్తే, రెండో కొస ఇంకా గేదె కడుపులోనే ఉన్నాది. ఎలాగూ వచ్చేను కదాని వంకాయలు బేరమాడి, ఒళ్ళో కట్టుకుని మళ్ళీ లాగేను.

"ఆ తర్వాత?" అన్నాడు సోములు.

ఆ తర్వాత ఏటైందో తెలుసా? నీ లారీ గోతిలో పడ్డాది.

"నా లారీయా? నాకు తెలీదే."

నీకెలగ తెలుస్తాది, నువ్వు స్టీరింగు మీద తలెట్టి నిద్దరోతన్నావు. ముప్పై మంది తోసినా కదల్లేదు. నేను ఆ ఏలికపాముని రెండు పేటలు సేసి, నీ బంపరుకో ముడి, కలెక్టరమ్మ మెడకో ముడి ఏసేను. "పదమ్మా" అన్నాను. అది లారీని గోతిలోంచి తీసినాది, తీసింది తీసినట్టు ఆగితే కదా, పాలు పితికే ఏళకి తిరిగొచ్చీయాలని తొందర, నిన్ను సాలూరు లారీల అడ్డా దాకా లాక్కెళ్ళి దింపీసినాది. నువ్వు కళ్ళు తెరిసి, ఇంత బేగి ఎలగ వచ్చీసేనూ అనుకోలేదూ?

సోములు బుర్ర గోక్కున్నాడు. "ఒకపాలి అనుకున్నాను పెద్దమ్మా. అబద్ధమెందుకు?"

రాసుకోవే ఉషా, రెండో సాచ్చికం.

సంగతి పేపర్లోకి రాకుండా ఉంటాదా? పెద్ద పెద్ద పరిశోధనలు సేసే బాబులు మూడు బస్సుల్లో దిగేరు. కళ్ళద్దాలున్నోళ్ళు ఒక బస్సు, లేనోళ్ళు ఒక బస్సు, మూడో బస్సు నిండా ఒట్టి కాగితాలు. నా అరుగు మీద సాపేసుకు కూర్సుని, "దాలమ్మగారూ, మా టీకా మందుకి ఐసు లేకపోతే సెడిపోతన్నాది, ఏటి సెయ్యమంటారు" అని ఏడుపు మొగాలు పెట్టేరు. జాలేసినాది. ఆవకాయ జాడీ కడిగి, అందులో కలెక్టరమ్మ పెరుగు మీద తేట పోసి, వాళ్ళు తెచ్చిన మందు సుక్క ఏసి, నోటికి గుడ్డ కట్టి రోహిణి ఎండలో పెట్టీసేను. నీ టీకా ఎండకి సచ్చిపోతాది, నాది ఎండకి బలుస్తాది. మూడోనాడు జాడీ మూత దానంతటదే లేచి పడిపోనాది.

ఆ జాడీలోంచి ఒక్క సుక్క ఏసేను కలెక్టరమ్మకి. ఒక్కటే. దాని నీడ పడ్డ గేదెలన్నిటికీ టీకా పడిపోనాది. అది తాగిన కుండీలో తాగిన మేకలకి పడిపోనాది. దాని ఒంటిమీదున్న గోమార్లు రక్తం పీల్చబోయి, నోళ్ళు మండి, పిల్లా పాపలతో దిగి, వరసగా నడిసెల్లి ఒడిశా పోయే బస్సెక్కేయి. కండక్టరు పలాసలో దింపీబోతే, "ఇక్కడికీ దాలమ్మ సుట్టాలొస్తారు, ఇంకా ముందుకి పోనీ" అన్నాయంట.

"గోమార్లు మాట్లాడేయా?" అన్నాడు కూర్మయ్య.

టిక్కెట్టు తీసుకున్నాక మాట్లాడవేటి.

అదంతా ఒక ఎత్తు, దీని తర్వాతది ఒక ఎత్తు. మొన్న కార్తీకంలో, నేను గుమ్మంలో సేట్లో బియ్యమేరుకుంటన్నాను. గాలికుంటు వచ్చినాది. సొయానా.

"ఎలగుంటాది మామ్మా?" అన్నాది ఉష. అప్పటికి పెట్టి కింద సన్నగా నీళ్ళు కారతన్నాయి. నేను సూసీ సూడనట్టున్నాను.

సన్నగా, పొడుగ్గా ఉంటాది. నోట్లో పుండ్లు, కాలి ఏళ్ళ సందున పుండ్లు, కుంటుకుంటా నడుస్తాది. దాని రోగం దానికి ఉండదేటి? గుమ్మం బయట నించుని, "దాలమ్మగారూ, ఊళ్ళోకి రావొచ్చా?" అన్నాది. గారూ అన్నాది. నేను తలెత్తలేదు. కలెక్టరమ్మ నెమరేస్తా నెమరేస్తా ఒక్కపాలి అటు సూసినాది. అంతే, గాలికుంటుకి జొరమొచ్చీసినాది. గజగజ వణికిపోయి, నా కాళ్ళ మీద పడి, "అమ్మా, ఆ జాడీలో సుక్కేదో నాకూ ఏసి పుణ్యం కట్టుకో" అన్నాది. ఆడకూతురు, కాదనలేకపోయేను. ఏసేను. గాలికుంటుకే గాలికుంటు టీకా ఏసిన మనిషిని ఈ మూడు జిల్లాల్లో ఇంకొకర్ని సూపించు. ఇప్పుడు సెప్పవే, మా కలెక్టరమ్మకి నీ సూదెందుకు?

సోములు గ్లాసు బల్లమీద పెట్టి సప్పట్లు కొట్టేడు. కూర్మయ్య పొయ్యి మీద గిన్నె దించడం మర్సిపోనాడు. ఉష మాత్రం నవ్వలేదు. పెట్టి మూత ఎత్తి, లోపల సెయ్యెట్టి సూసి, మళ్ళీ మూసినాది.

"సాలా సంతోషం మామ్మా," అన్నాది నెమ్మదిగా. "మా సదువులో ఒక పద్ధతున్నాది. కొత్త టీకా ఎవులు కనిపెట్టినా, అది నిలబడతాదో లేదో తేల్సాల కదా. టీకా పడ్డ పశువుని తీసికెళ్ళి రోగమున్న పశువుల మధ్యన కడతారు. వాటి కుండీలోనే నీళ్ళు, వాటి గడ్డే గడ్డి. రెండు వారాలు సూస్తారు. ఏటీ కాకపోతే టీకా గెలిసినట్టు. జగన్నాధం మావ సాలలో ఆ రెండు గేదెల నడిమిని ఒక రాట ఖాళీగా ఉన్నాది. పద, కలెక్టరమ్మని ఇప్పుడే తీసికెళ్ళి కట్టీద్దాం. కాగితమంతా నీ పేరుమీదే రాస్తాను."

"నా లారీ ఖాళీయే," అన్నాడు సోములు. "నన్ను సాలూరు దాకా లాగిన గేదె, ఆ మాత్రం ఎక్కించుకోనా?"

నా జన్మలో మాట రాకపోడం అది రెండోసారి. మొదటిసారి పుట్టినప్పుడు, అదీ రెప్పపాటే.

కలెక్టరమ్మ నాలిక గరుకు. పొద్దున్నే నేను లేవకపోతే కిటికీలోంచి మెడ పెట్టి నా మోసెయ్యి నాకుతాది. ఆ నాలిక మీద పుండ్లు లేస్తే ఎలగుంటాదో అని ఒక్క చణం అనిపించినాది. ఆ తర్వాత ఇంకేటీ అనిపించలేదు. టీ సల్లారిపోనాది.

"సూదేస్తే పాలు తగ్గుతాయి కదే," అన్నాను.

"తగ్గితే ఒకటి రెండ్రోజులు మామ్మా. రోగం దిగితే పాలు మళ్ళీ ఎనకటిలాగ రావు. జగన్నాధం మావ కూడా పోయిన ఏడు మా ఆస్పత్రోళ్ళకి ఇలాగే సెప్పేడంట, గేదె సుట్టాలింటికి ఎల్లిందని."

కూర్మయ్య నా సల్లారిన టీ పారబోసి, ఏడిది పోసిచ్చేడు. "ఆ రెండ్రోజులూ ఎర్ర టీ కాస్తాను అత్తా. పేకెట్టు తేను. నీ సోట్లో ఎవులూ కూర్సోరు. కూర్సున్నా నువ్వు నోరిప్పితే లేచిపోతారు."

"నేను రెండ్రోజులని సెప్పేనా?" అన్నాను. "మా కలెక్టరమ్మకి ఒక్క పూటే తగ్గుతాది."

"ఒక్క పూటే," అన్నాది ఉష. "గేదె ఎక్కడున్నాది మామ్మా? పెట్టిలో ఐసు ఇంకో అరగంటే ఉంటాది."

నేను సోములు వైపు తిరిగేను.

"ఒరే సోములూ, ఎలాగూ కూర్సునే ఉన్నావు. కాలవ దాటేక జీడితోట. మూడో వరసలో పనస సెట్టుకి కట్టీసేను. తోలుకురా."

"నాకు గేదెలంటే బయ్యం పెద్దమ్మా."

"బయ్యమెందుకు. ఎదురుగుండా నించోకు, పక్కనుంచి ఎల్లు, సెవి దగ్గిర మర్యాదగా సెప్పు. 'ఆస్పత్రోళ్ళు ఎల్లిపోనారు, దాలమ్మ ఇంటికి రమ్మన్నాది' అని సెప్పు. నేనే ఎల్దును గానీ, నా మాట అది నమ్మదు."